గోడకు చెంప ఆనించి చూసే మనిషి

మా ఫ్లాటు గోడ చెమ్మగిల్లింది. పై అంతస్తు వాళ్ళ స్నానాలగదిలో గొట్టం ఎక్కడో కారుతోందట, మా పడకగదిలో బీరువా వెనక గోడ మీద గొడుగంత మచ్చ లేచింది. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర, కిందంతా దుకాణాలూ పైనంతా కాపురాలూ ఉండే భవనం మాది. పైపుల మనిషి వచ్చి గొట్టం మార్చి, "గోడ బాగా ఆరాక రంగేయించుకోండమ్మా" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆరిందో లేదో ఎట్లా తెలుస్తుందని నేను అనుకుంటూ ఉండగానే మా ఆయన మంచం మీంచి లేచి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ఆ మచ్చ మీద చెంప ఆనించి కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి "ఇంకా ఉంది" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆ ఊరు వదిలేశాం, ఆ ఇల్లు అమ్మేశాం, ఆ మగ్గం కట్టెలు ఎవరి పొయ్యిలోకి పోయాయో కూడా తెలియదు. ఇంత దూరం వచ్చి ఇంత ఎత్తున కాపురం పెడితే ఇక్కడికీ వచ్చేసింది మా వదిన, ఆయన చెంపలో దూరి.

వదిన అంటే ఆయనకు అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. పెళ్ళయి వెళ్ళిన కొన్నాళ్ళకే మొగుడు పోతే తిరిగి ఆ ఇంటికే వచ్చింది. నేను కాపురానికి వచ్చేసరికి ఇల్లు ఆవిడ చేతిలో ఉంది. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. మా ఇంట్లో సగంతో ఆగలేదు.

గయ్యాళి అనుకునేరు, అదేం కాదు. గయ్యాళి అయితే నాకు సుఖంగా ఉండేది, నాలుగు తిట్టి నాలుగు పడేదాన్ని. ఆవిడ గొంతు పెంచేది కాదు. నన్ను "అమ్మాయ్" అని పిలిచేది. ఆ పిలుపులో కోపం లేదు, ముద్దూ లేదు, వీధిలో పోయే ఏ పిల్లనైనా అలాగే పిలుస్తుంది. అన్నం కూర్చుని తినగా నేను చూడలేదు, ద్వారబంధానికి వీపు ఆనించి, కంచం ఎడమచేత్తో పట్టుకుని, వీధిలోకి చూస్తూ తినేది. పగలు మంచం మీద కూర్చోదు. నవ్వితే శబ్దం ఉండేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి. ఆ భుజాలు కదిలితే ఆయన మొహం వెలిగేది. నేనెన్ని సరసాలాడినా అంత వెలుగు రాలేదు.

ఇల్లంటే ఆవిడకు రోగిష్ఠి మనిషి. వానాకాలం తలుపు బిగుసుకుంటే "దీనికి ఉబ్బసం వచ్చింది" అనేది. పెంకు కారితే "ఇంటికి పడిశం పట్టింది." గోడకు చెమ్మ వస్తే జ్వరం. అరచేత్తో తడిమితే తెలియదట, నీళ్ళలో నానిన చెయ్యికి అన్నీ చల్లగానే ఉంటాయట. అందుకని చెంప. తల పక్కకు వంచి, గోడకు చెంప ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేది. గోడ ఏదో రహస్యం చెబుతున్నట్టూ ఈవిడ వింటున్నట్టూ ఉండేది. ఆయన చిన్నప్పటి నుంచీ అది చూసి నేర్చుకున్నారు. నాకు ఎవరూ నేర్పలేదు.

మాది పామర్రుకు దగ్గర్లో ఒక నేతగాళ్ళ వీధి. ఇంటికొక గుంటమగ్గం. ముందుగదిలో నేల తవ్వి గుంట చేసి, దాని మీద మగ్గం కడతారు. నేసే మనిషి గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వదిలి తొక్కుడుచెక్కలు తొక్కుతాడు. నేసే ఇంటి ఆడవాళ్ళు కొత్త చీరను చేత్తో పట్టుకుంటారు గానీ కట్టుకోరు. నూలు షావుకారుది, నేత మాది, చీర ఇంకెవరిదో. మా నాన్న బెజవాడలో చీరల మూట భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగిన మనిషి, నాకూ అంతే తెలుసు, చీర అంటే ఎవరికో ఇచ్చేది.

పెళ్ళయిన మూడో ఏడో నాలుగో ఏడో, ఆయన మనసులో ఏం పుట్టిందో, షావుకారు పని అయిపోయాక నాకోసం మగ్గం మీద నిలువుపోగుల పడుగు ఒకటి వేశారు. లేత పసుపు చీర, మిరపపండు రంగు అంచు. నూలు ఆయనే అద్దారు. "ఇది నీది" అని చెప్పలేదు. పేకకు నూలు కండెలు చుట్టమని నాకిచ్చి, "ఎవరిదండీ ఇది" అంటే "కట్టుకున్నాక తెలుస్తుందిలే" అన్నారు. వదిన అక్కడే కూర్చుని నూలుకు గంజి కాస్తోంది. నేను కావాలనే ఆవిడ వైపు చూశాను. భుజాలు కదిలాయి. ఆవిడకు ముందే తెలుసన్నమాట. ఆ ఒక్క చీర సంగతైనా నాకంటే ముందు ఆవిడకు చెప్పకుండా ఉండలేకపోయారు.

సగం నేత అయ్యేసరికి తుపాను వచ్చింది. అందరూ చెప్పుకునే ఉప్పెన కాదు, అది ఇంకా తర్వాత వచ్చింది. ఇది వానల నీళ్ళు, కాలువకు గండి పడి ఊళ్ళ మీదికి వచ్చిన నీళ్ళు. గండి పడిందని కేక వచ్చాక మాకు కాస్త వ్యవధి దొరికింది. బియ్యం, నూలు, రాట్నం అటక మీదికి చేర్చాం. మిగిలింది మగ్గం మీద నా చీర.

"పడుగు కోసి చుట్టి పైన పెట్టేద్దామండీ. నేసిన మేరకైనా దక్కుద్ది" అన్నాను ఆయనతో.

ఆయన తలెత్తి చూసింది నావైపు కాదు.

"మగ్గం మీదుండగా పడుగు కొయ్యకూడదురా తమ్ముడూ" అంది వదిన. "సగం చీర కోసిన ఇంట్లో మళ్ళీ నిండు చీర దిగదంటారు. అయినా అంత ఎత్తు రావులే నీళ్ళు. మన చిన్నప్పుడు ఇంతకంటే పెద్ద గండి పడితేనే గడప దాటలా."

"ఈసారి దాటితేనో వదినా?" అన్నాను.

"దాటవమ్మాయ్. మన గడప సంగతి నాకు తెలుసు."

ఆయన చేతిలో కత్తి ఉంది. దాన్ని గూట్లో పెట్టేశారు. నాకు చీర పోతుందన్న దిగులు కంటే ఆ కత్తి గూట్లోకి పోయిన తీరు ఎక్కువ బాధపెట్టింది. నన్ను కాదనడానికి ఆయనకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆవిడ మాట నెగ్గితే నెగ్గింది, కనీసం ఆలోచించినట్టు నటించవచ్చు కదా.

నీళ్ళు గడప దాటాయి. మేం ఊరి చివర ఎత్తు మీదున్న చర్చిలో తలదాచుకున్నాం. పాస్టరమ్మ గారు అందరికీ గంజి కాచి పోసింది. అక్కడ బల్ల మీద ముడుచుకుని పడుకుని నేను ప్రార్థించింది వాన ఆగాలని కాదు. నిజం చెప్పాలి కదా, ఈవిడ మాట ఒక్కసారి తప్పాలని. నా చీర పోయినా సరే అనుకున్నాను.

తిరిగి వచ్చేసరికి గదిలో మోకాలి లోతు బురదనీళ్ళు. అవి తోడేస్తే కింద జారుడు ఒండ్రు. మగ్గం నీళ్ళలో మునిగి నిలబడి ఉంది. నేసిన చీర తేలుతోంది, అంచు ఎరుపు కరిగి లేత పసుపులోకి పాకింది. గంజి పులిసి వాసన కొడుతోంది. నేను వదిన వైపు చూశాను, ఏమంటుందో వినాలని. ఆవిడ కొంగు బిగించి, కొబ్బరిచిప్ప తీసుకుని, ఒండ్రు ఎత్తడం మొదలుపెట్టింది.

ఇక అక్కడి నుంచి వీధి వీధంతా ఆవిడదే. నాకిప్పటికీ కళ్ళల్లో కారం కొట్టినట్టుంటుంది తలుచుకుంటే.

ఆయన్ని ఇంటిమీదికి ఎక్కించి కప్పు మధ్యలో ఒక వరస పెంకులు తీయించింది. ఎండ గదిలోకి బల్లపరుపుగా పడింది. ఆ ఎండ పడమటి గోడ నుంచి తూర్పు గోడకు జరుగుతుంటే దాని వెంట బొంతలూ, పీటలూ, నూలు బుట్టలూ జరుపుతూ ఉండేది. ఎండను మేపుతున్నావా వదినా అంటే భుజాలు కదిలాయి. సందెవేళ మూకుడులో ఊక రాజేసి మూలల్లో పొగ పెట్టేది. నేల చూడలేకుండా ఉందని నేను పేడ కలుపుకుని అలకబోతే బకెట్ లాగేసుకుంది. "పచ్చిపుండు మీద పట్టీ వేస్తారా అమ్మాయ్. లోపలి తడి బయటికి పోనీ" అంది. అదీ నిజమే. ఆ గడప సంగతి తప్ప ఆవిడన్న ప్రతి మాటా నిజం కావడమే నా బాధ.

గుంట మాత్రం ముట్టుకోనివ్వలేదు. గది ఆరుతోంది, గుంట నిండా నీళ్ళు. మగ్గం ఆడితే గానీ తిండి లేదు. వీధిలో మగవాళ్ళంతా గుంటలు తోడెయ్యాలని తొందరపడుతున్నారు. వదిన పొద్దున్నే బావిలోకి తొంగిచూసి వచ్చి, "ఇంకా దిగలా" అనేది. బావిలో నీళ్ళు దిగితే నేలలో తడి దిగినట్టట, అప్పటిదాకా గుంటలో నీళ్ళే గుంట గోడల్ని పట్టుకుని నిలబెడతాయట. పక్కింట్లో మాకు బాబాయి వరసయ్యే ఆయన నవ్వాడు. "నీళ్ళు గోడను నిలబెట్టడమేందే, మీ ఆడోళ్ళ లెక్కలూ మీరూనూ" అని తన గుంట ఆ పూటే తోడేశాడు. మధ్యాహ్నం మేం అన్నాలు తింటుంటే ధబ్బుమని శబ్దం. నల్లరేగడి నాని ఉబ్బి, లోపల అడ్డు లేక, గుంటలోకి జారింది. మగ్గం పక్కకు ఒరిగి గుంజ విరిగింది. బాబాయి గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. వదిన చెయ్యి కడుక్కుని వెళ్ళి, బాబాయి పక్కన నిలబడి, "మట్టి తీద్దాం పద బాబాయ్" అంది. 'నేను చెప్పలేదా' అని అనలేదు. నేనైతే ఊరంతా వినేట్టు అనేదాన్ని.

ఆ తర్వాత చూడాలి. "అక్కయ్యా, మా గోడ ఒకసారి చూడవా." "పెద్దమ్మా, మా గుంట తోడొచ్చా." ఏ ఇంట్లో చూసినా మా వదిన గోడకు చెంప ఆనించి నిలబడి ఉండేది. చెంపకు మట్టి అంటుకునే ఇంటికి వచ్చేది. ఆయన "అక్కా, మొహం కడుక్కో" అని చెంబుతో నీళ్ళు అందించేవారు. ఇల్లు ఎత్తిపోసిన చేతులు నావీ ఉన్నాయి. నా గోళ్ళల్లోనూ ఒండ్రు ఉంది. నాకు చెంబు ఎవరు అందించారు? ఊళ్ళో గోడలన్నిటికీ ఆవిడ చెంప దొరికింది, ఆయనకు ఆవిడ దొరికింది. నాకు దొరికింది తడి గుడ్డల మూట.

తడిలో తిరిగీ తిరిగీ నాకు జ్వరం వచ్చింది. ఆరీ ఆరని గదిలో, పెంకుల సందులోంచి పడే ఎండలో మంచం వేసి పడుకోబెట్టారు. వదిన ఏదో ఇంటి నుంచి వచ్చింది. నేను నిద్రపోతున్నాననుకుంది కాబోలు. వంగి నా నుదుటికి చెంప ఆనించింది. కదల్లేదు చాలాసేపు. మట్టి వాసన, ఊకపొగ వాసన. "ఇంకా ఉంది" అని తనలో తను అనుకుని లేచి వెళ్ళి మిరియాల కషాయం పెట్టింది. గోడకూ నాకూ ఒకే మాట. అయినా సరే, నాకు ఏడుపొచ్చింది. జ్వరం తగ్గకూడదని అనుకున్నాను. మర్నాటికి తగ్గిపోయింది, ఆవిడ కషాయం అంత పాడు కషాయం.

బావి దిగింది. గుంట తోడారు, గోడలు నిలిచాయి. అప్పుడు నా చీర పడుగు బిగించి చూస్తే, నీళ్ళలో నానిన పోగులు ముట్టుకుంటే తెగుతున్నాయి. మట్టి గురించి ఆవిడ మాట చెల్లింది, నూలు గురించి చెల్లలేదు. ఇదిగో, ఇదీ నాకు కావలసిన తప్పు. జీవితంలో ఆవిడ చేసిన ఒకే ఒక్క తప్పు, అదీ నా చీర మీద. పెట్టెలో బంగారం దాచుకున్నట్టు దాచుకున్నాను దాన్ని.

"కోసి పారేద్దామక్కా. ఇంకోటి వేస్తాను" అన్నారాయన. అప్పుడు కూడా అక్కనే అడిగారు.

ఆవిడ గుంటలోకి దిగింది. వేళ్ళు జారకుండా పక్కన చిటికెడు బూడిద పెట్టుకుని, తెగిన పోగు కొసలు రెండూ వేళ్ళతో మెలిపెట్టి ముడి వేసి, తర్వాతి పోగు. దాని తర్వాతిది. ఎన్నాళ్ళు చేసిందో నేను లెక్కపెట్టలేదు, లెక్కపెడితే ఆవిడ కష్టం ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆయన మూరెడు నేస్తే మళ్ళీ తెగేవి, ఆవిడ మళ్ళీ దిగేది. పొరపాటైందమ్మాయ్ అన్న మాట ఆ నోటి నుంచి వస్తుందేమోనని నేను కండెలు చుడుతూ పక్కనే కూర్చున్నాను. రాలేదు. చీర మగ్గం మీంచి దిగిన రోజు మడత పెట్టి నా చేతికి ఆవిడే ఇచ్చింది.

"ముడులు లోపలివైపు పడేట్టు చూశాను అమ్మాయ్. పైకి తెలవదులే" అంది.

పైకి తెలియదు. సగం చీర కడిగిన ముత్యం. మిగతా సగం ఎరుపు పాకి సాయంకాలపు ఆకాశం మాదిరి ఉంటుంది, చూసినవాళ్ళు అదొక రకం అద్దకం అనుకునేవారు. కానీ ముడులు నా నడుముకు తెలిసేవి. కూర్చుంటే ఒకటి, వంగితే ఒకటి. మొగుడు నాకోసం నేసిన ఒకే ఒక్క చీర, అందులోనూ ఒంటికి తగిలేది ఆవిడ చెయ్యి. ఇంకోటి వేస్తానన్నారు గానీ వెయ్యలేదు. షావుకారు పనీ, పిల్లలూ, ఏవేవో. సగం చీర కొయ్యకుండా ఆపినా మా ఇంట్లో నాకు మళ్ళీ చీర దిగలేదు.

ఆవిడ ఆ ఇంట్లోనే పోయింది, కొన్నేళ్ళ తర్వాత. నిలబడి అన్నం తింటూ ద్వారబంధాన్ని పట్టుకుని కిందికి జారింది. అంతే, ఎవరి చేతా చాకిరీ చేయించుకోలేదు. ఆ అవకాశం కూడా నాకివ్వలేదు.

పోయిన ఆడమనిషికి పుట్టింటివాళ్ళు చీర కప్పాలి. పుట్టిల్లంటే తమ్ముడు, తమ్ముడి భార్య. వీధి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు, ప్రతి ఇంటి గోడా ఏడుస్తున్నట్టే ఉంది. ఒక పెద్దావిడ "పుట్టింటి చీర ఏదమ్మాయ్" అంది నాతో. ఆయన లోపలికి వచ్చారు. పెట్టె దగ్గర నిలబడ్డారు. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆ చీర ఇద్దామా?" అన్నారు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఏ సంగతైనా ముందు నన్ను అడిగింది అదే. ఇంకెవరినీ అడగడానికి లేక అడిగారు, నాకు తెలుసు. అయినా అడిగారు. నావైపే చూస్తున్నారు.

"ఇవ్వను" అన్నాను.

ఆయన ఎవరినో పామర్రు పంపించి కొత్త చీర తెప్పించారు. చచ్చిన మనిషి మీద కూడా కుళ్ళు పోలేదమ్మా ఈవిడకి అని నా వెనక ఎవరో అన్నారు. గొంతు గుర్తుపట్టాను, వెనక్కి తిరగలేదు. ఆ మాటలో తప్పేం లేదు. కుళ్ళే. చితి దాకా వెళ్ళిన కుళ్ళు.

ఇదంతా గోడ మీది మచ్చ వల్ల. బీరువా ఆ గోడకే ఆని ఉంటుంది కాబట్టి, ఆయన "ఇంకా ఉంది" అనగానే నేను బీరువా తెరిచాను. వెనక అరలో బట్టలు చల్లగా ఉన్నాయి. అడుగు నుంచి ఆ చీర తీసి బాల్కనీలో తీగ మీద వేశాను. కింద బస్సులూ ఆటోలూ ఒకటే రొద. ఆయన నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడ్డారు. చీర కొస పట్టుకుని వేళ్ళతో తడిమారు.

"ఆ రోజు ఎందుకివ్వలేదే?" అన్నారు. ఇన్నేళ్ళలో అడగలేదు ఆ మాట.

"దాని నిండా ఆవిడ వేసిన ముడులున్నాయిగా" అన్నాను. "కాలిపోవూ?"

ఆయన నావైపు చూశారు. తర్వాత చీరను తీగ మీద తిరగేశారు, లోపలివైపు ఎండకు వచ్చేట్టు.